ఎడ్ల పండుగలో ప్రాణాలకు భద్రత: ఆడేవారు, చూసేవారు, ఎద్దుల యజమానులు తెలుసుకోవలసినవి

కనుమ దాటిందంటే మన ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల ఊళ్లలో ఎద్దుల సందడి మొదలవుతుంది. కొమ్ములకు రంగులు, మెడలో గంటలు, నొసటన పట్టీలు కట్టి వీధుల్లోకి వదులుతారు. తరతరాలుగా ఇక్కడే ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లోనూ ఎద్దును పెంచి పరుగుకు తీసుకెళ్లేవారు ఉన్నారు, వీరులుగా బరిలో దిగే కుర్రాళ్లు ఉన్నారు. అంతకంటే ఎక్కువగా, పిల్లల్ని భుజాన ఎత్తుకుని చూడడానికి వెళ్లేవారు ఉన్నారు.

2023 జనవరి 21న ధర్మపురి పక్కనున్న తడంగంలో జల్లికట్టు జరిగింది. బంధువులతో కలిసి చూడడానికి వచ్చిన 14 ఏళ్ల బాలుడు ఎద్దు కొమ్ము పొడవడంతో ప్రాణం కోల్పోయాడు. ఎద్దును పట్టడానికి దిగినవాడు కాదు, కేవలం చూడవచ్చినవాడు. అందుకే ఈ వ్యాసంలో ఆడేవారి గురించి ఎంత చెబుతామో, చూసేవారి గురించి అంతకంటే ఎక్కువ చెబుతాం. వచ్చే పండుగకు వెళ్లేముందు ఇంట్లో అందరూ ఒకసారి చదువుకుంటే మంచిది.

రెండు రకాల ఆట, రెండు రకాల ప్రమాదం

మన ప్రాంతంలో ఎద్దుల ఆట అంటే ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది జల్లికట్టు. వాడివాసల్ అనే ఇరుకైన ద్వారం నుంచి ఎద్దును ఒక్కొక్కటిగా వదులుతారు. వీరుడు దాని మూపురాన్ని రెండు చేతులతో కరచుకుని కొంతదూరం వేలాడాలి. రెండోది తమిళంలో ఎరుదు విడుం విళా అని పిలిచేది, అంటే ఎడ్లను వదిలే పండుగ. ఇందులో ఎద్దును పట్టడం ఉండదు. ఊరి వీధిలో రెండు పక్కలా జనం నిలబడితే మధ్యలో ఎద్దు పరుగెత్తుతుంది. నిర్ణీత దూరాన్ని ఎంత తక్కువ సమయంలో దాటిందో లెక్కగడతారు. హోసూరు, కృష్ణగిరి వైపు ఎక్కువగా కనిపించేది ఇదే. మన చిత్తూరు వైపు చంద్రగిరి దగ్గరి రంగంపేటలో జరిగే పశువుల పండుగ చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ కొమ్ములకు కట్టిన పలకలను కుర్రాళ్లు లాక్కుంటారు.

జల్లికట్టులో ఎక్కువ ప్రమాదం వీరుడికి. వీధి పరుగులో ఎక్కువ ప్రమాదం చూసేవారికి. ఎందుకంటే అక్కడ ఆటస్థలానికీ జనానికీ మధ్య సరిహద్దు చాలాసార్లు ఒక తాడో, నాలుగు వెదురుబొంగులో మాత్రమే. పరుగెత్తే ఎద్దును బెదిరించి వేగం పెంచాలని కుర్రాళ్లు దారికి అడ్డం వస్తుంటారు. ఎద్దు పక్కకు తిరిగితే తప్పుకోవడానికి వీధిలో చోటుండదు.

చట్టం ఏం చెబుతోంది

2006లో మద్రాసు హైకోర్టు మధురై ధర్మాసనం ఈ ఆటలను నిషేధించింది. జల్లికట్టు చూడబోయి చనిపోయిన ఒక యువకుడి తండ్రి కూడా ఆ న్యాయపోరాటంలో భాగమయ్యారు. ఆ తర్వాత 2009లో తమిళనాడు ప్రభుత్వం జల్లికట్టు క్రమబద్ధీకరణ చట్టం తెచ్చింది. 2014 మే 7న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. 2017 జనవరిలో మెరీనా తీరంలో మొదలై రాష్ట్రమంతా పాకిన ఉద్యమం మనందరికీ గుర్తే. ఆ నెలలోనే జంతుహింస నిరోధక చట్టానికి రాష్ట్ర సవరణ వచ్చింది, నియమావళి కూడా వచ్చింది. 2023 మే 18న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది.

ఈ సవరణ ప్రకారం జల్లికట్టు అనే మాటలో మంజువిరట్టు, వడమాడు, ఎరుదు విడుం విళా కూడా చేరతాయి. కాబట్టి "మాది జల్లికట్టు కాదు, ఊరి పరుగే కదా" అని నియమాలను పక్కన పెట్టడానికి వీల్లేదు. జనవరి నుంచి మే వరకు, ప్రభుత్వం ప్రకటించిన ఊళ్లలో మాత్రమే నిర్వహించాలి. కలెక్టరు అనుమతి తప్పనిసరి. జనానికి దెబ్బ తగలకుండా రెండు వరుసల కంచె కట్టాలి. కూర్చునే గ్యాలరీల గట్టిదనాన్ని ప్రజాపనుల శాఖ ఇంజనీర్లు పరీక్షించాలి. పశువైద్యులు ప్రతి ఎద్దునూ చూడాలి. ఎద్దుకు సారా తాగించడం, కళ్లలో కారం కొట్టడం, తోక మెలితిప్పడం నేరం. అది ఎద్దుమీద దయతో మాత్రమే కాదు. నొప్పితో వెర్రెత్తిన ఎద్దు ఎటు తిరుగుతుందో దాన్ని పెంచిన యజమానికే తెలియదు.

2023 ఫిబ్రవరి 2న హోసూరు దగ్గర గోపసంద్రంలో ఎడ్ల పండుగకు అనుమతి ఆలస్యమైందని యువకులు జాతీయ రహదారిని గంటల తరబడి దిగ్బంధించారు. రాళ్లు పడ్డాయి, లాఠీలు లేచాయి. దీని నుంచి నిర్వాహకులు నేర్చుకోవలసింది ఒకటుంది. దరఖాస్తును వారాల ముందే పెట్టి, కంచె, గ్యాలరీ, వైద్య ఏర్పాట్లు ముందే చూపిస్తే చివరి రోజు ఉద్రిక్తత ఉండదు. హడావిడిగా దొరికిన అనుమతితో హడావిడిగా కట్టిన కంచె ఎవరినీ కాపాడదు.

ఎద్దు ఎలా చూస్తుంది, ఎలా భయపడుతుంది

మన జిల్లా సొంత జాతి ఆలంబాడి. కర్ణాటక వైపు నుంచి వచ్చేవి హళ్లికార్, పడమటి నుంచి వచ్చేవి కాంగేయం. బరువు వందల కిలోల్లో ఉంటుంది, చురుకుదనం అంతకు మించి ఉంటుంది. పశువుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కనుక చుట్టూ చాలా భాగం కనిపిస్తుంది. సరిగ్గా వెనుక ఉన్నది మాత్రం కనిపించదు. ఆ వైపు నుంచి ఎవరైనా హఠాత్తుగా తాకితే తన్నుతుంది, లేదా గిరుక్కున తిరుగుతుంది. ఎర్రరంగు చూస్తే రెచ్చిపోతుందన్నది అపోహ. దాన్ని రెచ్చగొట్టేది కదలిక. ఊగే తువ్వాలు, ఎగరేసిన చొక్కా, అడ్డంగా పరుగెత్తే మనిషి, చెవుల దగ్గర పేలిన టపాసు, పైన ఎగిరే డ్రోను అన్నీ ఒకటే దానికి. తప్పించుకునే దారి కనిపిస్తే ఎద్దు ఆ దారిన పోతుంది. దారి మూసుకుపోతేనే కొమ్ము దించుతుంది. అందుకే ఎద్దు వెళ్లే దారిని ఖాళీగా ఉంచడమే అన్నిటికంటే పెద్ద భద్రత.

చూడడానికి వెళ్లేవారికి

- కంచె లోపలి వరుసకు ఆనుకుని నిలబడవద్దు. రెండు వరుసల కంచె కట్టేది మధ్యలో ఖాళీ ఉండాలనే. ఆ ఖాళీలో జనం నిండితే రెండో కంచె ఉన్నా లేనట్టే.
- పిల్లల్ని, గర్భిణుల్ని, వేగంగా నడవలేని పెద్దల్ని వీధి మట్టంలో నిలబెట్టవద్దు. గ్యాలరీలోనో, గట్టి మిద్దె మీదో కూర్చోబెట్టండి. పిట్టగోడ లేని మిద్దె, పాత పెంకుటిల్లు, రేకుల కప్పు, చెట్టుకొమ్మ పనికిరావు.
- వెళ్లగానే బయటకు పోయే దారి ఎటుందో చూసుకోండి. గుంపు చెదిరినప్పుడు జనం వచ్చిన దారినే పరుగెత్తుతారు, తొక్కిసలాట అక్కడే జరుగుతుంది.
- ఆట ముగిసే చోటుకు, ఎద్దుల్ని తిరిగి పట్టుకునే చోటుకు వెళ్లవద్దు. వాడివాసల్ దగ్గర పోలీసులు, నిర్వాహకులు ఉంటారు. అవతలి చివర ఎద్దు బెదిరి, అలసి, పగ్గం లేకుండా ఉంటుంది. చూసేవారికి అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు అదే.
- ఫోనులో వీడియో తీస్తూ వెనక్కి నడవవద్దు. తెరలో ఎద్దు దూరంగా కనిపిస్తుంది, నిజానికి దగ్గరగా ఉంటుంది.
- ఎద్దు మీదికి వస్తే అడ్డంగా పరుగెత్తవద్దు. దగ్గరలోని కంచె, అరుగు, గోడ వెనక్కి చేరండి. కింద పడితే ముఖం, పొట్ట నేలకు ఆనించి, చేతులతో తల, మెడ కప్పుకుని కదలకుండా ఉండండి. లేవాలని చూసినప్పుడే రెండో పోటు పడుతుంది.

స్పెయిన్ దేశంలోని పాంప్లోనాలో ఏటా జూలైలో జరిగే ఎద్దుల పరుగు ప్రపంచమంతటికీ తెలుసు. అక్కడ 18 ఏళ్లు నిండనివారిని పరుగులోకి రానివ్వరు. వీధి వెంట రెండు వరుసల కొయ్య కంచె ఉంటుంది. రెండింటి మధ్య ఖాళీలో వైద్య సిబ్బంది ఉంటారు, చూసేవారు రెండో కంచెకు అవతల ఉంటారు. మన నియమావళి అడిగేదీ ఇలాంటి ఏర్పాటునే. కట్టిన కంచెను జనం గౌరవించడంలోనే తేడా.

బరిలో దిగేవారికి

పేరు నమోదు, వైద్య పరీక్ష, ఇచ్చిన రంగు బనియను లేకుండా దిగవద్దు. మందు తాగి దిగినవాడు తనతోపాటు పక్కవాడికీ ముప్పు తెస్తాడు. జల్లికట్టులో మూపురాన్ని మాత్రమే పట్టాలి. 15 మీటర్లో, 30 సెకన్లో, ఎద్దు మూడు దూకుళ్లో పూర్తయితే ఆ ప్రయత్నం ముగిసినట్టే. కొమ్ము, తోక, మెడ పట్టకూడదు. ఒక ఎద్దు మీదికి ఒక్కరే వెళ్లాలి, నలుగురు వేలాడితే కింద పడినవాణ్ని ఎద్దు కంటే ముందు మనుషులే తొక్కుతారు. వాడివాసల్‌కు ఎదురుగా నిలబడి దారి మూయవద్దు. ఉంగరాలు, గొలుసులు, మొలతాడుకు తగిలించిన తాళాలు ఇంట్లో వదిలి వెళ్లండి.

ఎద్దు యజమానులకు

కొమ్ముల మొనలు సూదిగా చెక్కవద్దు. ఎద్దుకు అలవాటైన ఇద్దరు మనుషులను అవతలి చివర ముందే నిలపండి. ముకుతాడు, పగ్గం వాళ్ల చేతిలోనే ఉండాలి. తన మనిషి గొంతు వింటే ఎద్దు నెమ్మదిస్తుంది, కొత్తవాళ్లు గుంపుగా తరిమితే ఊరి బయటి బావిలో పడుతుంది లేదా రోడ్డెక్కుతుంది. ఎక్కువ దూరం వాహనంలో తెచ్చిన ఎద్దును దించగానే వదలవద్దు. నీళ్లు తాగించి, నీడన విశ్రాంతి ఇచ్చాకే తీసుకెళ్లండి.

దెబ్బ తగిలితే మొదటి పది నిమిషాలు

కొమ్ము పోటు మోసం చేస్తుంది. పైకి రూపాయి బిళ్లంత రంధ్రమే కనిపిస్తుంది, లోపల కొమ్ము తిరిగి పేగును, కాలేయాన్ని, తొడలోని పెద్ద రక్తనాళాన్ని చీల్చి ఉండవచ్చు. "చిన్న గాయమే, నడుస్తున్నాడు కదా" అనుకుని ఇంటికి తీసుకెళ్లడం వల్లే ప్రాణాలు పోతాయి.

1. వెంటనే 108కి ఫోను చేయండి. ఆట జరిగేచోట అంబులెన్సు ఉంటే, దాని దారిలో బళ్లు నిలపకుండా చూడండి.
2. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డ పెట్టి, చేయి తీయకుండా గట్టిగా అదమండి. గుడ్డ తడిస్తే దానిపైనే మరొకటి వేయండి.
3. పేగు బయటికి వస్తే లోపలికి తోయవద్దు. శుభ్రమైన తడిగుడ్డ కప్పండి.
4. పసుపు, కాఫీపొడి, సున్నం, మట్టి ఏదీ గాయంలో పెట్టవద్దు.
5. నీళ్లు, సోడా, కాఫీ తాగించవద్దు. ఆపరేషన్ అవసరం కావచ్చు.
6. ఎద్దు ఎత్తి పడేసిన మనిషిని కాళ్లు, చేతులు పట్టి ఎత్తవద్దు. మెడ, నడుము కదలకుండా పలక మీదికి చేర్చండి.
7. ధర్మపురి ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి లాంటి శస్త్రచికిత్స చేయగల చోటికే తీసుకెళ్లండి. ధనుర్వాతం టీకా గురించి తప్పక అడగండి.

ఊరి పెద్దలకు మా విన్నపం

మన ఊళ్లలో ఒకే వీధిలో తమిళం, తెలుగు, కన్నడం మాట్లాడతారు. మైకులో హెచ్చరిక ఒక్క భాషలో చెబితే, పొరుగు రాష్ట్రాల నుంచి చూడవచ్చిన చుట్టాలకు సగం కూడా అందదు. "ఎద్దు వదులుతున్నాం, కంచె దాటి రావద్దు" అనే రెండు మాటలు మూడు భాషల్లో చెప్పించడానికి ఖర్చేమీ లేదు. మైకు దగ్గర కూర్చోవడానికి మన కుర్రాళ్లే ముందుకు రావచ్చు. పండుగ కమిటీల్లో మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. చందా ఇచ్చేటప్పుడే మూడు ప్రశ్నలు అడగండి: కంచె రెండు వరుసలా, ఒకటేనా? గ్యాలరీని ఇంజనీరు చూశారా? అవతలి చివర అంబులెన్సు ఉందా? ఈ మూడింటిలో ఒక్కదానికైనా "లేదు" అని జవాబు వస్తే, ఆ రోజు పిల్లల్ని తీసుకెళ్లకండి. ఎద్దును చూడాలనుకుంటే ముందురోజు దాన్ని అలంకరించే ఇంటికి తీసుకెళ్లి, యజమాని పక్కన ఉండగా నొసటన బొట్టు పెట్టించండి. పిల్లలకు ఆ జ్ఞాపకం చాలు.