ఒక ఆటగాడు, నలుగురు శిక్షకులు: ముఖేశ్ కుమార్ కాలపు భారత హాకీ (1992–2000)

సారాంశం

గొప్పగా ఆడినవాడు గొప్ప శిక్షకుడవుతాడన్న నమ్మకం మన క్రీడాలోకంలో బలంగా ఉంది. హైదరాబాదుకు చెందిన హాకీ ఫార్వర్డ్ నందనూరి ముఖేశ్ కుమార్ ఆడిన నాలుగు పెద్ద పోటీలను, ఆ నాలుగింటిలో జట్టును నడిపిన నలుగురు శిక్షకులను ఆధారంగా తీసుకుని ఈ వ్యాసం ఆ నమ్మకాన్ని పరీక్షిస్తుంది. శిక్షకుడి విజయానికి అతని పాత పతకాల కన్నా అతనికి దక్కే కాలం, పని కొనసాగింపు ముఖ్యమని చెబుతుంది. పశ్చిమ కర్నూలులోని హొళగుంద వంటి మండలాలకు ఈ నిర్ధారణ ఎలా వర్తిస్తుందో చివర చర్చిస్తుంది.

కీలక పదాలు: హాకీ, శిక్షకుడు, ముఖేశ్ కుమార్, ఎం.కె. కౌశిక్, కొనసాగింపు, పశ్చిమ కర్నూలు.

1. పరిశీలన పద్ధతి

శిక్షకుల పనితీరును పోల్చడం కష్టం. జట్టు మారితే ఫలితం మారుతుంది. ఆ మార్పులో శిక్షకుడి వాటా ఎంతో, ఆటగాళ్ల వాటా ఎంతో తేల్చలేం. అందుకే ఈ వ్యాసం ఒక ఆటగాడిని స్థిరంగా ఉంచుకుని అతని చుట్టూ మారిన శిక్షకులను చూస్తుంది.

ముఖేశ్ కుమార్ 1970 ఏప్రిల్ 16న హైదరాబాదులో పుట్టారు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగిగా ఉంటూ బార్సిలోనా (1992), అట్లాంటా (1996), సిడ్నీ (2000) ఒలింపిక్స్ ఆడారు. 307 అంతర్జాతీయ మ్యాచ్‌లలో 80 గోల్స్ ఆయన ఖాతాలో ఉన్నాయి. 1995లో అర్జున పురస్కారం, 2003లో పద్మశ్రీ అందుకున్నారు. 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. మూడు ఒలింపిక్స్, ఒక ఆసియా క్రీడలు కలిపి నాలుగు పోటీలు. ఒక్కోదానికి ఒక్కో శిక్షకుడు.

2. ఆట మారిన కాలం

ముఖేశ్ ఆడిన దశాబ్దంలోనే హాకీ స్వరూపం మారింది. కృత్రిమ మైదానం అంతకుముందే, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో వచ్చింది. అక్కడ భారత్ ఏడో స్థానంలో నిలిచింది. 1990లలో మరో రెండు మార్పులు తోడయ్యాయి. మొదటిది, ఆట ఆగకుండానే ఎన్నిసార్లైనా ఆటగాళ్లను మార్చుకునే వీలు. రెండోది, ఆఫ్‌సైడ్ నిబంధన తొలగింపు. దాన్ని దశాబ్దం మధ్యలో ప్రయోగంగా పక్కనపెట్టి 1998 నాటికి పూర్తిగా ఎత్తేశారు.

ఈ రెండూ శిక్షకుడి పనిని మార్చేశాయి. అంతకుముందు మ్యాచ్ మొదలయ్యాక శిక్షకుడు చేయగలిగింది తక్కువ. ఇప్పుడు ఎవరిని ఎప్పుడు దించాలి, ఎంతసేపు ఆడించాలి, ఎప్పుడు బెంచీకి పిలవాలి అన్న నిర్ణయం నిమిషనిమిషానికి అతనిదే. ఆఫ్‌సైడ్ పోవడంతో ఫార్వర్డ్ ప్రత్యర్థి గోల్ దగ్గరే మాటు వేయవచ్చు. డిఫెండర్లు వెనక్కి జరగక తప్పదు. మధ్యలో ఖాళీ పెరుగుతుంది. తానూ ఒకప్పుడు ఆడానన్న అనుభవం ఈ కొత్త ఆటకు సరిపోదు. ముఖేశ్ పాత నిబంధనలతో మొదలై కొత్త నిబంధనలతో ముగించిన తరం. ఆయన శిక్షకుల్లో ముగ్గురు పూర్తిగా పాత నిబంధనల్లో పెరిగిన ఒలింపియన్లు.

3. నలుగురు శిక్షకులు

బార్సిలోనాలో శిక్షకుడు బాల్‌కిషన్ సింగ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా 38 గోల్స్ కొట్టి స్వర్ణం గెలిచిన జట్టు సభ్యుడు ఆయన. 1980 మాస్కోలో శిక్షకుడిగానూ స్వర్ణం చూశారు. ఆటగాడిగా, శిక్షకుడిగా రెండు ఒలింపిక్ స్వర్ణాలున్న అరుదైన మనిషి. అయినా బార్సిలోనాలో భారత్‌కు దక్కింది ఏడో స్థానం.

అట్లాంటాలో సెడ్రిక్ డిసౌజా. ఒలింపిక్ పతకం లేని శిక్షకుడు. ప్రత్యర్థుల ఆటను వీడియోలో చూసి విశ్లేషించడం, యూరప్ తరహా కట్టుదిట్టమైన వ్యూహం ఆయన పద్ధతి. 1994 సిడ్నీ ప్రపంచ కప్‌లో ఆయన జట్టు ఐదో స్థానం సాధించింది. అట్లాంటాలో ఎనిమిదికి జారింది. తర్వాత 2002 కౌలాలంపూర్ ప్రపంచ కప్‌కు ఆయన్ను మళ్లీ పిలిచారు, పోటీ సగంలో ఉండగానే తప్పించారు.

బ్యాంకాక్‌లో మహారాజ్ కృష్ణ కౌశిక్. 1980 మాస్కో ఫైనల్లో భారత్ స్పెయిన్‌పై 4–3తో నెగ్గినప్పుడు ఒక గోల్ ఆయనది. 1998 మేలో మొదలైన యూట్రెక్ట్ ప్రపంచ కప్‌లో భారత్ తొమ్మిదో స్థానంతో తిరిగివచ్చింది. అదే ఏడాది డిసెంబరులో కౌశిక్ జట్టు ఆసియా స్వర్ణం గెలిచింది. దక్షిణ కొరియాతో ఫైనల్ 1–1తో సమమై పెనాల్టీ స్ట్రోకుల దాకా వెళ్లింది. గోల్‌కీపర్ ఆశిష్ బల్లాల్ జట్టును గట్టెక్కించాడు. ఆసియా క్రీడల హాకీలో 1966 తర్వాత, అంటే 32 ఏళ్లకు వచ్చిన స్వర్ణమది. అది గెలిచిన కొద్ది కాలానికే ధన్‌రాజ్ పిళ్లై సహా పలువురు సీనియర్లు జట్టుకు దూరమయ్యారు. కౌశిక్ కూడా పదవిలో మిగల్లేదు. ద్రోణాచార్య పురస్కారం మాత్రం 2002లో వచ్చింది.

సిడ్నీలో వాసుదేవన్ భాస్కరన్. తమిళనాడులోని ఆరణిలో పుట్టి, మాస్కోలో స్వర్ణం గెలిచిన జట్టుకు నాయకత్వం వహించినవారు. ఆయన జట్టు అర్జెంటీనాను 3–0తో ఓడించింది, ఆతిథ్య ఆస్ట్రేలియాతో 2–2తో సమం చేసింది, స్పెయిన్‌పై 3–2తో నెగ్గింది. పోలండ్‌తో చివరి లీగ్ మ్యాచ్ గెలిస్తే సెమీఫైనల్. 1–0 ఆధిక్యంలో ఉండగా ఆఖరి నిమిషాల్లో గోల్ ఇచ్చి 1–1తో ఆగిపోయింది. చివరకు ఏడో స్థానం.

4. చర్చ

పై వివరాల్లో మొదట తేలేది: శిక్షకుడి పతకాలకూ జట్టు స్థానానికీ నేరుగా సంబంధం కనబడదు. రెండు స్వర్ణాల బాల్‌కిషన్‌కూ, స్వర్ణ నాయకుడు భాస్కరన్‌కూ ఒలింపిక్స్‌లో దక్కింది ఏడో స్థానమే. పతకం లేని డిసౌజా ఎనిమిదిలో నిలిచారు. తేడా ఒక్క మెట్టు.

స్థానం ఒక్కటే కొలమానం కాదన్నది రెండోది. సిడ్నీలో ఆ ఒక్క గోల్ పడకుంటే భాస్కరన్ కథ వేరుగా రాసేవాళ్లం. శిక్షకుణ్ని ఒక పోటీ ఫలితంతో తూచి పంపేసే అలవాటు ఎంత ప్రమాదకరమో ఆ మ్యాచ్ చెబుతుంది.

కౌశిక్ ఉదాహరణ ఈ వ్యాసం వాదనకు అడ్డుతగిలేలా ఉంది. తక్కువ కాలంలోనే ఆయన స్వర్ణం తెచ్చారు కదా? నిజమే. కొద్ది కాలంలో ఒక పోటీ గెలవవచ్చు. ఆ గెలుపును పట్టి నిలుపుకోవాలంటే దాన్ని గెలిచిన పద్ధతి, మనుషులు కొనసాగాలి. 1998 డిసెంబరు నుంచి 2000 సెప్టెంబరు దాకా ఇరవై ఒక్క నెలల వ్యవధి ఉంది. ఆ వ్యవధిని పాత పునాది మీద కట్టడానికి బదులు కొత్తగా మొదలుపెట్టడానికి వాడుకున్నాం.

అదే దశాబ్దంలో ఆస్ట్రేలియా చేసింది వేరు. 1976 ఒలింపిక్ రజత విజేత రిక్ చార్ల్స్‌వర్త్ చేతికి 1993లో మహిళా జట్టును ఇచ్చి 2000 దాకా కదపలేదు. 1994, 1998 ప్రపంచ కప్‌లు, 1996, 2000 ఒలింపిక్ స్వర్ణాలు వచ్చాయి. అదే చార్ల్స్‌వర్త్ 2008లో భారత హాకీకి సాంకేతిక సలహాదారుగా వచ్చి, ఆ ఏడాదే వెనుదిరిగారు. మనిషి ఒకరే, దక్కిన కాలం వేరు. బార్సిలోనాలో ఆస్ట్రేలియా తరఫున రజతం గెలిచిన గ్రాహం రీడ్‌కు 2019లో మన జట్టును అప్పగించి టోక్యో ఒలింపిక్స్ దాకా ఆగాం. 2021 ఆగస్టు 5న జర్మనీపై 5–4 గెలుపుతో 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం వచ్చింది.

5. పశ్చిమ కర్నూలుకు అన్వయం

జాతీయ జట్టుకు వర్తించే సూత్రం పల్లె బడికీ వర్తిస్తుంది. కర్ణాటక సరిహద్దులోని హొళగుంద, దాని చుట్టుపక్కల ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో సేద్యం చాలావరకు వాన మీద ఆధారపడింది. పనులు లేని నెలల్లో కుటుంబాలు సుగ్గికి కదులుతాయి: కొందరు గుంటూరు మిరప కోతలకు, కొందరు బెంగళూరు కట్టడాల పనికి. పిల్లలూ వెంట పోతారు. జాతీయ హాకీ శిబిరాలు జరిగే బెంగళూరుకు ఈ పిల్లలు చేరేది ఆటకోసం కాదు.

ఇక్కడ పిల్లవాడికి తొలి శిక్షకుడు జిల్లా పరిషత్ హైస్కూలు పీఈటీ సారే. ఆయన బదిలీ అయితే ఆట ఆగుతుంది; పిల్లవాడు సుగ్గికి పోయినా ఆగుతుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి భారత జట్టు గోల్‌కీపర్‌గా ఎదిగి, 2017 ఆసియా కప్ గెలిచిన జట్టులో నిలిచిన ఇటిమరపు రజని, రాయలసీమ పల్లెల్లో ప్రతిభకు కొదవ లేదని రుజువు చేసింది. పక్కనే అనంతపురంలో ఆర్డీటీ సంస్థ క్రీడా గ్రామంలో హాకీ నేర్పుతోంది. ఐదుగురితో చిన్న మైదానంలో ఆడే హాకీ ఫైవ్స్‌కు 2024లో ఒమన్‌లో ప్రపంచ కప్ జరిగింది. మన మహిళల జట్టు రజతం గెలిచింది. పదకొండు మంది దొరకని బడికి, పెద్ద మైదానం లేని ఊరికి ఈ రూపం అనుకూలం.

6. ముగింపు

మంచి శిక్షకుణ్ని వెతకడం కన్నా, దొరికిన శిక్షకుణ్ని నిలబెట్టడం ముఖ్యం. ముఖేశ్ కుమార్ తరం నలుగురు శిక్షకుల దగ్గర నాలుగుసార్లు మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆ తరం ప్రతిభకు తగిన ఒలింపిక్ పతకం దక్కకపోవడంలో దీని పాత్ర తక్కువది కాదు. పశ్చిమ కర్నూలులో క్రీడల గురించి ఆలోచించే విద్యాశాఖ, క్రీడాశాఖ అధికారులు స్టేడియం శంకుస్థాపనకు ముందు రెండు పనులు చేయాలి. హాకీ నేర్పే పీఈటీని కనీసం ఒక ఒలింపిక్ చక్రం, అంటే నాలుగేళ్లు, అదే బడిలో ఉంచాలి. సుగ్గి నెలల్లో సాధన చేసే పిల్లలకు సీజనల్ హాస్టల్‌లో చోటివ్వాలి.