బొగ్గుబాయి చావులు: లెక్కలో ఎవరు, లెక్క బయట ఎవరు

ఉత్తర తెలంగాణలో గనిని బాయి అంటారు. పొద్దున మస్టర్ పడి బాయిలోకి దిగినవాళ్లు షిఫ్టు అయ్యాక పైకి రాకపోవడం ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బొగ్గు ఊళ్లకు కొత్త కాదు. గోదావరిఖనిలోని ఏడో ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16న నీళ్లు ముంచెత్తి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఎనిమిదో-ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఒకే పట్టణం, ఒకే సంవత్సరం, 27 మంది.

ఈ రెండు పేర్లూ దేశంలోని పెద్ద గని ప్రమాదాల జాబితాలో ఉంటాయి. గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ లెక్కలో 10 మంది, అంతకు మించి చనిపోతే అది ‘విపత్తు’. నాలుగు నుంచి తొమ్మిది మంది అయితే ‘పెద్ద ప్రమాదం’. ముగ్గురు, ఇద్దరు, ఒక్కరు అయితే ఉత్త ‘ప్రాణాంతక ప్రమాదం’. బొగ్గుబాయిలో చావులు ఎక్కువగా ఒక్కొక్కటిగానే వస్తాయి. పేపర్‌లో జిల్లా పేజీ దాటవు. విపత్తుల జాబితా చదివి గని చావుల చరిత్ర తెలిసిందనుకుంటే పొరపాటు.

చావును ఎవరు లెక్కపెడతారు, ఎవరిని లెక్కలో వేస్తారు అన్నది ఈ రంగంలో పాత ప్రశ్న. దాని కథ విక్టోరియా రాణి కాలంలో మొదలవుతుంది.

ఇంగ్లండ్ లెక్క, ఎల్లందు లెక్క

బ్రిటన్‌లో 1842 చట్టం ఆడవాళ్లను, పదేళ్లలోపు మగపిల్లలను భూగర్భ పని నుంచి తప్పించింది. బొగ్గు గనిలో ఎవరైనా చనిపోతే ప్రభుత్వానికి తెలపాలని, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలని 1850 చట్టం చెప్పింది. లోహ గనుల్లో తవ్వేవాళ్లు మాత్రం మరో 22 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. లోహ గనుల నియంత్రణ చట్టం 1872లో గానీ రాలేదు. రాయి మీద పడితే బొగ్గు కార్మికుడూ చస్తాడు, లోహ గని కార్మికుడూ చస్తాడు. అయినా ఒకరి చావు రిజిస్టర్‌కు ఎక్కింది, ఇంకొకరిది చాలాకాలం ఎక్కలేదు.

మన దగ్గర ఇనుము సంగతి వేరు. కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ పల్లెల్లో చిట్టెం దిబ్బలు ఇప్పటికీ కనిపిస్తాయి. కోనసముద్రం ఉక్కు పశ్చిమాసియా దాకా పోయింది. అయితే ఆ ఖనిజం లోతు గనుల నుంచి తీసింది కాదు. గుట్టల మీద, వాగు ఇసుకలో ఏరి తెచ్చి చిన్న కొలిమిల్లో కరిగించింది. ఈ నేలలో మనుషులు గుంపులుగా భూమి కిందికి దిగడం బొగ్గుతోనే మొదలైంది.

ఎల్లందు దగ్గర సింగరేణి గ్రామంలో బొగ్గును 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ గుర్తించాడు. 1886లో లండన్‌లో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వే హక్కులు తీసుకుంది. వాటాదారులు ఇంగ్లండ్‌లో, బాయి నిజాం రాజ్యంలో. వాటాదారుల దేశంలో గని చావుకు ఇన్‌స్పెక్టర్ రావడం అప్పటికే 36 ఏళ్ల పాత సంగతి. ఆ చట్టం ఎల్లందు దాకా రాలేదు. బ్రిటిష్ ఇండియాలో 1894లో తొలి గనుల ఇన్‌స్పెక్టర్‌ను నియమించారు, 1901లో భారత గనుల చట్టం వచ్చింది, 1902 జనవరి 7న తనిఖీ కార్యాలయం కలకత్తాలో తెరుచుకుంది. అదే తర్వాత ధన్‌బాద్‌కు మారి నేటి డీజీఎంఎస్ అయింది. 1901 చట్టం కూడా బ్రిటిష్ ఇండియాకే. నిజాం రాజ్యం దాని హద్దు బయట ఉండిపోయింది.

అదే కాలంలో మైసూరు రాజ్యంలోని కోలార్ బంగారు గనుల్లో చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి వెళ్లిన తెలుగు, తమిళ దళితులు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. 1897లో అక్కడ ఒకే ప్రమాదంలో 52 మంది చనిపోయారు. ఈ దేశపు గని విపత్తుల చరిత్రను డీజీఎంఎస్ మొదలుపెట్టేది ఆ ప్రమాదంతోనే. మొదటి వరుసలోనే మనవాళ్లున్నారు, కులం పేరు లేకుండా.

1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ అంబేడ్కర్ చేతిలో ఉంది. 1943 డిసెంబర్‌లో ఆయన ధన్‌బాద్ బొగ్గు ప్రాంతానికి వెళ్లి, బాయిలోకి దిగి చూశాడు. మరుసటి నెలలోనే బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధికి ఆర్డినెన్స్ వచ్చింది. అది కూడా బ్రిటిష్ ఇండియా గనుల కోసమే. సింగరేణి మళ్లీ బయటే. దేశమంతటికీ ఒకే గనుల చట్టం కిందికి ఈ బాయిలు వచ్చింది 1952లో.

తట్ట పట్టింది ఎవరు

1920 డిసెంబర్‌లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1920ల చివరికి గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లా బెల్లంపల్లి ప్రాంతంలో బాయిలు పడ్డాయి. 1960ల ఆరంభంలో మందమర్రి, రామకృష్ణాపూర్, గోదావరిఖని వచ్చాయి. పల్లెల్లో వెట్టి చేసిన మాల, మాదిగ, నేతకాని ఇళ్ల నుంచి, భూమి లేని బీసీ కుటుంబాల నుంచి మనుషులు తట్టా చెమ్మాస్ పట్టడానికి వచ్చారు. దొర గడీ ముందు నిలబడటం కంటే బాయి దిగడం మేలనిపించింది చాలామందికి. జీతం చేతికి వస్తుంది, మస్టర్‌లో పేరు ఉంటుంది. ఈ ఆకర్షణను చిన్నచూపు చూసే రాతలు ఉన్నాయి గానీ, వాటితో ఈ వ్యాసానికి ఏకీభావం లేదు. బాయి ప్రాణం తీసింది, నిజమే. పల్లె కట్టుబాటు నుంచి ఒక తరాన్ని బయటపడేసింది కూడా అదే.

కోల్ ఫిల్లర్ పని ఏమిటో తెలిస్తే చావు ఎక్కడి నుంచి వచ్చేదో తెలుస్తుంది. షాట్‌ఫైరర్ మందు పేల్చాక, పొగ తేలాక, కొత్తగా బయటపడిన పైకప్పు కింద నిలబడి టబ్బు నింపేది ఫిల్లరే. ఆ పైకప్పుకు అప్పటికి పూర్తి ఆసరా ఉండదు. టింబర్‌మెన్ దిమ్మెలు నిలబెడతాడు, మైనింగ్ సర్దార్ కర్రతో కప్పు తట్టి చూస్తాడు. గట్టి శబ్దం వస్తే పని, బోలు శబ్దం వస్తే ఆపాలి. ఉత్పత్తి టార్గెట్ ఉన్న షిఫ్టులో బోలు శబ్దం విన్నవాడి మీద ఎంత ఒత్తిడి ఉంటుందో బాయి తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లర్లను కూడా తీసేసే డీపిల్లరింగ్‌లో ప్రమాదం ఇంకా ఎక్కువ. అక్కడ వెనక భాగాన్ని కావాలనే కూలనిస్తారు. ఎంత మేర, ఎప్పుడు కూలుతుందన్నదే అంచనా.

నీళ్లది ఇంకో తీరు. తవ్వి వదిలేసిన పాత పనుల్లో ఏళ్ల తరబడి నీరు నిలుస్తుంది. పటంలో గీత కొంచెం తప్పినా, మధ్య గోడ పలచనైనా అంతా ఒక్కసారిగా మీద పడుతుంది. 1975 డిసెంబర్ 27న బిహార్‌లోని (ఇప్పటి జార్ఖండ్) చాస్‌నాలాలో 375 మంది చనిపోయింది నీళ్ల వల్లే. అందుకే పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలని 1957 బొగ్గు గనుల నిబంధనలు చెప్పాయి. ఏ నీటి ప్రమాదం గురించి చదివినా మొదట అడగాల్సినవి రెండే: పాత పనుల పటం ఎంత సరైంది, ఆ 60 మీటర్ల అనుమతి ఉందా.

యంత్రాలు వచ్చాక ఫిల్లర్ల సంఖ్య తగ్గింది. కప్పు కూలడం ఆగలేదు. శ్రీరాంపూర్ ఏరియా ఎస్సార్పీ-3 గనిలో 2021 నవంబర్ 10న కప్పు కూలి నలుగురు కార్మికులు చనిపోయారు. నాలుగు నెలల తర్వాత, 2022 మార్చి 7న, అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ముగ్గురు. వారిలో ఒకరు ఏరియా సేఫ్టీ ఆఫీసర్, ఒకరు డిప్యూటీ మేనేజర్, ఒకరు కాంట్రాక్ట్ కార్మికుడు. బండ హోదా చూడలేదు. బండ పడిన తర్వాత నడిచే కాగితాలు చూస్తాయి.

పర్మినెంట్, కాంట్రాక్ట్

1975లో గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ మొదలైంది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్రం బొగ్గు గనుల్లో కొన్ని పనులకు కాంట్రాక్ట్ కార్మికులను పెట్టకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ నిషేధ జాబితాలో ఓవర్‌బర్డెన్, అంటే బొగ్గు పైనున్న మట్టీ రాయీ తొలగించే పని కూడా ఉంది. తర్వాత ఉత్తర్వుకు మినహాయింపులు చేరాయి. ఇవాళ సింగరేణి ఓసీపీల్లో ఓవర్‌బర్డెన్ తీసేది ఎక్కువగా ప్రైవేటు కంపెనీలే. 1990ల ఆరంభంలో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు అందులో సగానికీ చాలా తక్కువ. పని పోలేదు, పర్మినెంట్ పేరు పోయింది.

2020 జూన్ 2న రామగుండం ఓసీపీ-1లో పేలుడు పదార్థాలు నింపుతుండగా పేలి నలుగురు చనిపోయారు. నలుగురూ కాంట్రాక్ట్ కార్మికులే.

ప్రమాదాల లెక్క వరకు చట్టం తేడా చూపదు. 1952 చట్టంలో గనిలో పనిచేసే వ్యక్తి అంటే మేనేజర్‌కు తెలిసి పనిచేసే ఎవరైనా, కూలి ఇచ్చినా ఇవ్వకపోయినా. కాబట్టి కాంట్రాక్టర్ మనిషి చనిపోయినా డీజీఎంఎస్‌కు నోటీసు వెళ్లాలి, రెండు నెలల్లో విచారణ జరగాలి. తేడా కుటుంబం దగ్గర మొదలవుతుంది. పర్మినెంట్ కార్మికుడు చనిపోతే జాతీయ బొగ్గు వేతన ఒప్పందం ప్రకారం ఇంట్లో ఒకరికి ఉద్యోగం అడిగే హక్కుంది. కాంట్రాక్ట్ కార్మికుడి భార్యకు ఆ ఒప్పందంలో చోటు లేదు.

ఇక లెక్కకే రాని చావులున్నాయి. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడి, రిటైరయ్యాక మంచంలో పోయినవాళ్లు ప్రమాద మృతులు కారు. న్యుమోకోనియోసిస్, సిలికోసిస్ నోటిఫై చేసిన వృత్తి వ్యాధులే, కానీ వాటి ఖాతా వేరు. డాక్టర్ ఆ పేరు రాస్తేనే ఆ ఖాతా అయినా తెరుచుకుంటుంది. ‘టీబీ’ అని రాసి పంపిస్తే అదీ లేదు.

కులం గడి

డీజీఎంఎస్ గణాంకాల్లో ప్రమాదం కారణం ఉంటుంది, చోటు ఉంటుంది, చనిపోయినవారి వృత్తి ఉంటుంది. కులం గడి లేదు. ‘ఎస్సీలు ఎంతమంది?’ అని అడిగితే ఆ పుస్తకం జవాబు చెప్పదు. పరిశోధన చేసే విద్యార్థులకు దారి వృత్తి గడి నుంచే ఉంది. ఫిల్లర్, టింబర్‌మెన్, జనరల్ మజ్దూర్, కాంట్రాక్ట్ హెల్పర్ అన్న పేర్ల వెనక ఏ వాడల మనుషులున్నారో నియామక రికార్డులతో, కార్మిక వాడల్లో అడిగి తెలుసుకున్న వివరాలతో కలిపి చూడాలి. ప్రమాద విచారణ నివేదికలను సమాచార హక్కు కింద అడగవచ్చు. ఒక ఏరియాలో పదేళ్ల ఒంటరి చావులను ఇలా కట్టగలిగితే, విపత్తుల జాబితా చూపని బొమ్మ కనిపిస్తుంది.

ప్రమాదం జరిగిన రోజు

సంఘాలవాళ్లు, విద్యార్థులు ఆ రోజు మార్చురీ దగ్గర ఉంటే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి. మరణం జరిగిన స్థలాన్ని ఇన్‌స్పెక్టర్ చూడకముందు కదిలించకూడదు. రక్షించడానికి, శవాన్ని తీయడానికి, ఇంకో ప్రమాదం ఆపడానికి మినహాయింపు ఉంది. 500 మందికి తగ్గకుండా పనిచేసే గనిలో కార్మికుల తరఫు వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు. ప్రమాదానికి ముందు ఆయన తనిఖీ పుస్తకంలో ఏం రాశాడో అడగాలి.

పరిహారం లెక్క 1923 నాటి చట్టం నుంచి వస్తోంది. మరణానికి నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. లెక్కకు తీసుకునే వేతన పరిమితి 2020 నుంచి 15,000 రూపాయలు. ముప్పై ఏళ్ల వ్యక్తికి గుణకం 207.98. అంటే 7,500ను 207.98తో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. కాంట్రాక్టర్ కట్టకపోతే ప్రధాన యజమాని నుంచే అడగవచ్చు. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే సగం దాకా జరిమానా. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి గనుల చట్టం, పరిహార చట్టం రెండూ వాటిలో కలిసినా, వేతనంలో సగాన్ని గుణకంతో హెచ్చించే పద్ధతి అలాగే ఉంది.

ఇందులో కుటుంబాలకు తరచూ తెలియని విషయం ఒకటుంది. మరణ పరిహారాన్ని యజమాని నేరుగా చేతికి ఇవ్వడం పాత చట్టంలో చెల్లింపే కాదు. కమిషనర్ దగ్గర జమ చేయాలి, ఆయన వారసులకు పంచాలి. యజమాని నేరుగా ఇవ్వగలిగింది మూడు నెలల వేతనానికి మించని అడ్వాన్స్ మాత్రమే. పోస్టుమార్టం పూర్తికాకముందే కాంట్రాక్టర్ మనిషి కవరులో డబ్బు తెచ్చి, తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగితే, ఆ కాగితం మీద ‘పూర్తి పరిహారం ముట్టింది’ అని రాసి ఉన్నా, కమిషనర్ ముందు దావా వేసే హక్కు పోదు.