డార్కింగ్ పెరట్లో కాటన్ దొర

ధవళేశ్వరం ఆనకట్ట (1847–52) కట్టించిన కాటన్ దొర మనకి గుర్రమెక్కిన విగ్రహంగానే తెలుసు. మరి ఉద్యోగం ముగిశాక ఆయన ఏం చేశారండీ?

ఇంగ్లండులో డార్కింగ్ అనే ఊళ్లో స్థిరపడ్డారు. 1878లో, 75 ఏళ్ల వయసులో లండన్ వెళ్లి, ఇండియాకి రైళ్లకన్నా కాలువలే ముఖ్యమని పార్లమెంటు కమిటీ ముందు వాదించారు. ఆ మాట చెల్లలేదు. ఆయన మాత్రం ముడుచుకు కూర్చోలేదు. పెరటి మట్టిని లోతుగా తవ్వి గోధుమ పండించే ప్రయోగాల్లో పడ్డారు. 1899లో, 96 ఏళ్లకి కన్నుమూశారు.

మరుసటి ఏడాదే కూతురు ఎలిజబెత్ తండ్రి జీవితచరిత్ర అచ్చువేయించింది. ఆనకట్ట లెక్కలు సర్కారు కాగితాల్లో ఉంటాయి. పెరట్లోని నాన్న సంగతి రాసిపెట్టాల్సింది కూతుళ్లమే!