జిల్లాకు పేరైన వకీలు

హైదరాబాదు జిల్లా గ్రామీణ ప్రాంతాన్ని విడదీసి 1978 ఆగస్టు 15న ఏర్పాటు చేసిన జిల్లాకు కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టారు. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి ఆయనకు మేనల్లుడు. నాగోల్, నాచారం ఉన్న ఉప్పల్ మండలం 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరేదాకా ఆ ఊళ్ల భూముల కాగితాలన్నీ రంగారెడ్డి జిల్లా పేరుతోనే నడిచాయి.

రంగారెడ్డి 1890 డిసెంబరు 12న మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారంలో పుట్టారు. నిజాం రాజ్యంలో కోర్టుల భాష ఉర్దూ. ఆయన ఆ భాషలోనే చదువుకుని, వకాలతు పరీక్ష నెగ్గి, హైదరాబాదులో ప్రాక్టీసు పెట్టారు. ఆనాటి ప్రజా ఉద్యమాల్లో వకీళ్లు ముందు వరసలో ఉండటం యాదృచ్ఛికం కాదు. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు వచ్చాక సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి. ఏ మాట చట్టానికి దొరుకుతుందో, ఏది దొరకదో తెలిసినవాళ్లు లేకుండా సభ నడవదు. బూర్గుల రామకృష్ణారావు, మాడపాటి హనుమంతరావు, మందుముల నరసింగరావు ఈ కోవలోని వాళ్లే. 1936లో షాద్‌నగర్‌లోనూ, 1943లో హైదరాబాదులోనూ జరిగిన ఆంధ్రమహాసభలకు రంగారెడ్డి అధ్యక్షులు. మరుసటి ఏడు భువనగిరి సభతో సంస్థ వామపక్షం చేతికి వెళ్లింది. ఆయన మితవాదుల వైపే ఉండిపోయారు.

1952 ఎన్నికల్లో శాసనసభకు గెలిచి, బూర్గుల మంత్రివర్గంలో ఎక్సైజు, అటవీ శాఖలు చూశారు. ఆంధ్రతో విలీనం ఆయనకు ఇష్టం లేదు. తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచమన్న ఫజల్ అలీ కమిషన్ సిఫారసు ఆయన వాదనకు దగ్గర. విలీనం తప్పదని తేలాక రక్షణలైనా రాతపూర్వకంగా ఉండాలని పట్టుబట్టారు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందంపై సంతకాలు చేసిన ఎనిమిది మందిలో ఆయన ఒకరు.

ఆ పత్రంలోని చిక్కు వకీలుకు తెలియనిది కాదు. ఒప్పందం ప్రకారం తెలంగాణకు ఏర్పడే ప్రాంతీయ సంఘానికి రాజ్యాంగం 371వ అధికరణం ఆధారం దొరికింది గానీ, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవారు కావాలన్న షరతుకు పరువే పూచీ. రాష్ట్రం ఏర్పడగానే ఆ షరతు తప్పింది. ఉపముఖ్యమంత్రి పదవి చేతికి ఆరో వేలు వంటిదని అప్పటి ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి అన్నట్టు చెబుతారు. దామోదరం సంజీవయ్య ప్రభుత్వంలో మాత్రం రంగారెడ్డి ఉపముఖ్యమంత్రిగా పనిచేశారు.

నగరం అంచున మూసీ పక్కనున్న నాగోల్ లాంటి ఊళ్లకు ఒప్పందంలోని మరో షరతు ఇంతకన్నా ముఖ్యం: తెలంగాణలో సాగుభూముల అమ్మకం ప్రాంతీయ సంఘం అదుపులో ఉండాలి. దీనికి తోడు 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం 47వ సెక్షన్ ప్రకారం సాగుభూమి చేతులు మారాలంటే అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం సాగుతున్న 1969లోనే ఆ సెక్షన్‌ను తొలగించారు. 1970 జులై 24న రంగారెడ్డి మరణించేనాటికి ఆయన సంతకం పెట్టిన షరతుల్లో భూమికి చట్టపరంగా మిగిలిన కాపలా ప్రాంతీయ సంఘం ఒక్కటే. 1973లో ఆరు సూత్రాల పథకం దాన్నీ రద్దు చేసింది.