జీపు ముఖం ఎవరిది?

మాది జహీరాబాద్ అనగానే "మహీంద్రా ఫ్యాక్టరీ ఉన్న ఊరేగా" అంటారు. ఆ ఫ్యాక్టరీ 1980లలో మొదలైంది ఆల్విన్-నిస్సాన్ పేరుతో, చిన్న ట్రక్కుల కోసం. తర్వాత మహీంద్రా చేతికొచ్చింది. కానీ అసలు మహీంద్రాని బండ్ల కంపెనీ చేసింది జీపు. పాత అమెరికన్ కార్లనగానే అందరూ తోకకి రెక్కలున్న క్యాడిలాక్‌ల గురించే చెప్తారు గానీ, మనవాళ్ళు నిజంగా ఎక్కి తిరిగిన అమెరికన్ డిజైన్ ఇది. పోలీసులు, ఎమ్మార్వోలు, ఎన్నికల ప్రచారాలు, పల్లెటూరి సర్వీసు జీపులు... మీరూ ఎప్పుడో ఎక్కే ఉంటారు.

దీని పుట్టుక విచిత్రం. 1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలని అడిగింది: 49 రోజుల్లో నమూనా బండి కావాలని. సై అన్నది పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ. కార్ల్ ప్రోబ్స్ట్ అనే ఇంజనీర్ డ్రాయింగులు గీశాడు, సెప్టెంబర్ 23న బండి సైన్యానికి అందింది. బండి బాగుంది. కానీ ఇంత చిన్న కంపెనీ వేలకి వేలు చేయగలదా? సైన్యం ఆ డ్రాయింగుల్ని విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ ఇచ్చేసింది! ఆ రెండూ కలిసి ఆరు లక్షలకి పైగా జీపులు చేశాయి. బాంటమ్‌కి మిగిలింది ట్రైలర్ల పని.

మనం గుర్తుపట్టే ఆ ముఖం కూడా విల్లీస్‌ది కాదు. విల్లీస్ మొదట్లో ఇనప పట్టీలని వెల్డింగ్ చేసేది. ఫోర్డ్ ఒకే రేకుని ప్రెస్సులో కొట్టి గ్రిల్ చేసింది, ఖర్చు తక్కువని. తొమ్మిది చీలికలుండేవి. యుద్ధం అయ్యాక విల్లీస్ హెడ్‌లైట్లు పెద్దవి చేసి, చీలికలు ఏడుకి తగ్గించింది. జీపుని తామే సృష్టించామన్న విల్లీస్ ప్రకటనలు తప్పుదోవ పట్టించేవని 1948లో అక్కడి ట్రేడ్ కమిషనే తేల్చింది. అయినా 1950లో పేరు మాత్రం విల్లీస్‌కే రిజిస్టరైంది.

మన దేశంలో 1947 నుంచే మహీంద్రా లైసెన్సు మీద విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. 1953లో విల్లీస్ ఎత్తైన కొత్త ఇంజన్ పెట్టాల్సొచ్చి బానెట్ పైకి లేపింది. అక్కడివాళ్ళకి ఆ ఎత్తు బానెట్ అంతగా నచ్చలేదు. అక్కడ 1968లో ఆగిపోయిన ఆ ఆకారం ఇక్కడ దశాబ్దాలు బతికింది. మెకానిక్కులు డీజిల్ ఇంజన్లు మార్చారు, వెనక పదిమంది కూర్చునేలా పొడుగు చేశారు. జీపంటే మనకి ఆ ముఖమే.

2018లో మహీంద్రా అదే ఆకారంతో రోక్సార్ అనే బండిని మిషిగన్‌లో తయారుచేసి అమ్మింది. జీపు బ్రాండు అప్పటికి చేతులు మారి మారి ఫియట్ క్రిస్లర్ దగ్గరుంది. వాళ్ళు ఫిర్యాదు చేశారు. 2020 జూన్‌లో అమెరికా ట్రేడ్ కమిషన్ రోక్సార్‌ని ఆపింది. ముఖం మార్చాక అదే డిసెంబర్‌లో ఒప్పుకుంది. పేచీ ఆ తర్వాతా కోర్టుల్లో సాగింది.

చట్టం ప్రకారం అది సరే కావచ్చు. కానీ ఒకడు గీశాడు, ఇంకొకడు రేకు కొట్టాడు, మరొకడు పేరు పెట్టుకున్నాడు, నలుగురు కొనుక్కున్నారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, కోడ్ రాసినవాడి పేరు ఫైల్లోంచి ఎప్పుడో ఎగిరిపోయింది. కొనుక్కున్నవాడికి హక్కు ఉంటుంది, కాదనను. అన్నాళ్ళు దాన్ని బతికించినవాడికి ఏమీ ఉండదా? మీరేమంటారు?