కృష్ణబిలాల వేడి: ఒక వివాద చరిత్ర

గురుత్వాకర్షణను వివరించే సాధారణ సాపేక్షతా సిద్ధాంతానికీ, పరమాణు ప్రపంచాన్ని వివరించే క్వాంటం సిద్ధాంతానికీ పొత్తు కుదర్చాలన్న ప్రయత్నాలు 1930లలోనే మొదలైనా, వాటికి గట్టి ఆధారం దొరికింది మాత్రం 1970ల తొలినాళ్లలో, అదీ కృష్ణబిలాల వేడి గురించి రేగిన ఒక వివాదంలో.

కాంతిని సైతం బయటికి పోనివ్వనంతటి గురుత్వాకర్షణ గల ప్రాంతం కృష్ణబిలం. ఒకసారి దాటితే తిరిగి రావడమన్నది లేని దాని పొలిమేరను ఘటనా దిగంతం అంటారు. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ వీలర్ తన శిష్యుడు జేకబ్ బెకెన్‌స్టైన్ ముందు ఒక చిక్కు పెట్టారు. వేడి టీ కప్పునూ చల్లటి టీ కప్పునూ పక్కపక్కన ఉంచితే రెండూ ఒకే వేడికి వస్తాయి, దానితో ఎంట్రోపీ, అంటే పదార్థంలోని అస్తవ్యస్తతకు కొలత, పెరుగుతుంది. ఆ కప్పులను కృష్ణబిలంలో పడవేస్తే పెరిగిన ఎంట్రోపీ ఆనవాలే లేకుండా పోతుంది కదా, మరి అది ఎన్నడూ తగ్గదనే ఉష్ణగతిక శాస్త్ర నియమం ఏమైనట్టు?

ఘటనా దిగంతపు వైశాల్యం ఎన్నడూ తగ్గదని స్టీఫెన్ హాకింగ్ 1971లో నిరూపించి ఉన్నారు. ఆ వైశాల్యమే కృష్ణబిలపు ఎంట్రోపీకి కొలమానమని బెకెన్‌స్టైన్ 1972లో ప్రతిపాదించారు. అయితే ఎంట్రోపీ ఉన్నదానికి ఉష్ణోగ్రత ఉండాలి, ఉష్ణోగ్రత ఉన్నది వికిరణాన్ని వెలువరించాలి. దేనినీ బయటికి రానివ్వనిదానికి అదెలా సాధ్యమన్నది అప్పటి అభ్యంతరం. 1973లో జేమ్స్ బార్డీన్, బ్రాండన్ కార్టర్, హాకింగ్ కలిసి కృష్ణబిలాల నాలుగు నియమాలను ప్రకటిస్తూ, ఉష్ణగతిక నియమాలతో వాటికున్నది పోలిక మాత్రమేననీ, కృష్ణబిలపు అసలు ఉష్ణోగ్రత పరమ శూన్యమేననీ తేల్చి చెప్పారు. క్వాంటం సిద్ధాంతానికి చోటివ్వని ఆ లెక్కలో వారి మాటే సరైనదని ఒప్పుకోక తప్పదు.

అదే ఏడాది మాస్కో వెళ్లిన హాకింగ్‌కు యాకొవ్ జెల్డోవిచ్, అలెక్సీ స్టారోబిన్‌స్కీ అనే శాస్త్రవేత్తలు తన చుట్టూ తాను తిరిగే కృష్ణబిలం కణాలను వెలువరించాలని వివరించారు. వారి గణిత పద్ధతి నచ్చక ఆయన స్వయంగా లెక్క కట్టగా, తిరగని బిలం సైతం వికిరణాన్ని వెలువరిస్తుందని వచ్చింది. ఎక్కడో పొరపాటు జరిగిందని ఆయన మొదట అనుమానించారు. ఈ సంగతి బెకెన్‌స్టైన్ చెవిన పడితే తన వాదనకు బలంగా వాడుకుంటారని బెంగపడ్డానని కూడా తరువాత రాసుకున్నారు. చివరికి ఆ వికిరణం వేడి వస్తువు వెలువరించేదానిలాగే ఉండడంతో, ఖండించబోయిన వాదననే తాను రుజువు చేసి 1974లో ప్రకటించారు.

సూర్యుడంత ద్రవ్యరాశి గల బిలానికి ఆ లెక్క ప్రకారం వచ్చే ఉష్ణోగ్రత ఒక కెల్విన్‌లో 10 కోట్ల వంతుల్లో సుమారు 6 వంతులే. విశ్వమంతటా పరచుకున్న నేపథ్య వికిరణం 2.7 కెల్విన్లు ఉండడంతో, అటువంటి బిలం నేడు పోగొట్టుకునేదానికన్నా పీల్చుకునేదే ఎక్కువ. అయినా ఆ ఉష్ణోగ్రతను ఇచ్చే సూత్రంలో కాంతి వేగం, గురుత్వ స్థిరాంకం, ప్లాంక్ స్థిరాంకం, బోల్ట్జ్‌మన్ స్థిరాంకం ఒక్కచోట కలిశాయి. క్వాంటం గురుత్వానికి దీనిని మించిన ఆనవాలు ఇంతవరకు లేదనే చెప్పాలి.

ప్రకృతి స్వయంగా ఇచ్చే అతి చిన్న ప్రమాణాలలో కొలిస్తే కృష్ణబిలపు ఎంట్రోపీ దిగంత వైశాల్యంలో సరిగ్గా 4వ వంతు. ఎంట్రోపీ అంటే పదార్థంలోని సూక్ష్మ కణాలు ఎన్ని విధాలుగా అమరగలవో చెప్పే లెక్క కనుక, కృష్ణబిలంలో అలా అమరేవి ఏమిటన్న ప్రశ్న రెండు దశాబ్దాలు వేధించింది. మూల కణాలను కంపించే తీగలుగా భావించే స్ట్రింగ్ సిద్ధాంతం ఆధారంగా ఆండ్రూ స్ట్రోమింజర్, కుమ్రున్ వాఫా 1996లో ఆ అమరికలను లెక్కించి, అదే 4వ వంతును రాబట్టారు; అయితే ఆ లెక్క 5 పరిమాణాల స్థలకాలంలోని ఒక ప్రత్యేక తరహా బిలాలకు చెందినదే గాని, నక్షత్రాలు కుప్పకూలి ఏర్పడే మామూలు కృష్ణబిలాలకు అంత కచ్చితంగా ఇంకా అందలేదు.