చౌమహల్లాలో ఫోటో, వీడియో తీయాలా? నియమాలు ముందే తెలుసుకోండి

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే చౌమహల్లా ప్యాలెస్ ఉంది. ఊరి నుంచి బంధువులొచ్చినా, కొత్త జంటకు సిటీ చూపించాలన్నా చాలా కుటుంబాలకు ముందు గుర్తొచ్చే చోట్లలో ఇదొకటి. చూసి రావడానికి ఇబ్బందేమీ లేదు, శుక్రవారం సెలవని గుర్తుంచుకుంటే చాలు. చిక్కంతా కెమెరాతోనే. ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకుంటే ఎవరూ పట్టించుకోరు. అదే బ్యాగులోంచి స్టాండు, లైటు బయటికి తీస్తే సెక్యూరిటీ వచ్చి ఆపుతారు. అప్పటికే ఫోటోగ్రాఫర్‌కు అడ్వాన్స్ ఇచ్చి, డ్రెస్సులు అద్దెకు తెచ్చుకుని ఉంటే ఆ డబ్బు పోయినట్టే.

టికెట్‌తో లోపలికి వెళ్లి చూసే అనుమతి మాత్రమే వస్తుంది. ఫోటో, వీడియో అనుమతి దానికి వేరే. అది మూడు విషయాలను బట్టి ఉంటుంది: కట్టడం ఎవరి చేతుల్లో ఉంది, ఏ వస్తువును తీస్తున్నారు, తీసినదాన్ని దేనికి వాడతారు.

రూలు పెట్టేది ఎవరు?

చౌమహల్లా అసఫ్ జాహీల దర్బారు నడిచిన చోటు. 18వ శతాబ్దం మధ్యలో సలాబత్ జంగ్ కాలంలో పని మొదలైంది. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, 1857-1869 మధ్య పూర్తయింది. అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్ అనే నాలుగు మహళ్ల వల్లే ఆ పేరు వచ్చింది. ఒకప్పుడు దాదాపు 45 ఎకరాల్లో ఉన్న ప్రాంగణంలో ఇప్పుడు మూడో వంతు కూడా మిగల్లేదు. పాడుబడుతున్న ఈ భవనాలను ముకర్రం జా కుటుంబం తరఫున ప్రిన్సెస్ ఎస్రా చొరవతో బాగు చేయించారు. 2005లో జనం చూడటానికి తెరిచారు. ఆ మరమ్మతు పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు దక్కింది.

దీన్ని నడిపేది ప్రభుత్వం కాదు, నిజాం కుటుంబ ట్రస్టు. కాబట్టి లోపలి నియమాలు పెట్టేది కూడా ట్రస్టే. "చార్మినార్ దగ్గర ఫ్రీగా తీసుకున్నాం, ఇక్కడెందుకు ఆపుతున్నారు?" అని గేటు దగ్గర వాదించి లాభం లేదు. పక్కపక్కనే ఉన్నా రెండింటి యాజమాన్యం వేరు.

పాతబస్తీ, దాని చుట్టుపక్కల కుటుంబాలు ఎక్కువగా వెళ్లే చోట్లు ఎవరి చేతుల్లో ఉన్నాయంటే:

• చార్మినార్, గోల్కొండ కోట: కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాలు. ఇలాంటి కట్టడాల్లో సందర్శకులు ఫోటోలు తీసుకోవచ్చని ఆ శాఖ 2018 జులైలో ప్రకటించింది. దేశం మొత్తం మీద అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్, తాజ్ మహల్‌లోని సమాధి మందిరం మాత్రమే మినహాయింపు.

• సాలార్ జంగ్ మ్యూజియం: 1961లో పార్లమెంటు చేసిన చట్టం కింద నడిచే జాతీయ సంస్థ. మొదట 1951లో సాలార్ జంగ్ కుటుంబం ఉన్న దివాన్ దేవిడీలోనే తెరిచారు. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనానికి మారింది. దాని నియమాలు దానివే.

• పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం: ఇదీ ట్రస్టు కిందిదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల కోసం కట్టిన పొడవాటి చెక్క వార్డ్‌రోబ్ ఉన్నది ఇక్కడే.

• ఫలక్‌నుమా: 2010 నుంచి హోటల్. మ్యూజియం కాదు కాబట్టి లోపలికి రావడం, ఫోటో తీయడం రెండూ హోటల్ షరతుల ప్రకారమే.

ఒక చోట చెల్లిన రూలు మరో చోట చెల్లదు. రేట్లు కూడా మారుతుంటాయి కాబట్టి యూట్యూబ్‌లో పాత వీడియో చూసి వెళ్లడం కన్నా టికెట్ కౌంటర్‌లో అడగడం మేలు.

ఫోన్, కెమెరా, స్టాండు

నివాస భవనాల మ్యూజియంలలో సామాన్లను మూడు రకాలుగా చూస్తారు. చేత్తో పట్టుకునే ఫోన్‌కు సాధారణంగా అభ్యంతరం ఉండదు. కెమెరాకు చాలా చోట్ల విడిగా టికెట్ ఉంటుంది. ఆ టికెట్ తీసుకుంటే చూసేవాళ్లకు కనిపించేలా దగ్గరే ఉంచుకోవాలి. ట్రైపాడ్, లైట్లు, రిఫ్లెక్టర్, గింబల్ లాంటివి ఉంటే అది 'షూటింగ్' లెక్కలోకి వస్తుంది. దానికి ముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి.

ఈ గీత కొత్తగా గీసింది కాదు. పురావస్తు కట్టడాలకు సంబంధించిన 1959 నాటి కేంద్ర నియమాలు కూడా చేత్తో పట్టుకుని తీసేదాన్ని, స్టాండు పెట్టి ప్రత్యేక ఏర్పాట్లతో తీసేదాన్ని వేరుగానే చూశాయి. రెండో దానికి లైసెన్స్ కావాలి. 2018 సడలింపుతో ఆ లైసెన్స్ అవసరం పోలేదు. అంటే గోల్కొండలోనైనా సరే, యూనిట్‌తో వెళ్లి షూట్ చేయాలంటే దరఖాస్తు పెట్టాల్సిందే.

స్టాండు అంటే అంత భయమెందుకు? ఇది ఒకప్పుడు మనుషులు బతికిన ఇల్లు. గదులు, గుమ్మాలు, వరండాలు మ్యూజియం కోసం కట్టినవి కావు. దారి మధ్యలో మూడు కాళ్లు పెడితే వెనక వచ్చే పిల్లలు, పెద్దవాళ్లు తట్టుకుని పడతారు. ఇనప కాళ్లు పాత పాలరాయి మీద గీతలు పెడతాయి. స్క్రీన్ చూస్తూ వెనక్కి నడిచే మనిషి వీపు గాజు షోకేసుకు తగిలితే చాలు, నష్టం జరిగిపోతుంది. సెల్ఫీ స్టిక్ విషయంలోనూ భయం అదే.

ఫ్లాష్ ఎందుకు వద్దంటారు?

ఖిల్వత్ ముబారక్ దర్బారు హాల్లో 19 బెల్జియం ఝుమ్మర్లు వేలాడుతుంటాయి. వాటి కింద పాలరాయి గద్దె. ఫ్లాష్ పడితే రాయికి, గాజుకు రంగు పోదు. మరి రూలు ఎవరి కోసం? పక్క గదుల్లోని బట్టల కోసం, పాత ఫోటోల కోసం, రాతప్రతుల కోసం.

పట్టు, నూలు, సహజ రంగులు, కాగితం వెలుతురుకు మెల్లగా పాడవుతాయి. ఒకసారి వెలిసిన రంగు తిరిగి రాదు. అందుకే బట్టలు, రాతప్రతులు ఉన్న చోట వెలుతురు దాదాపు 50 లక్స్ దాటకుండా చూడాలన్నది మ్యూజియంలు పాటించే కొలత. తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ వరకు పర్వాలేదు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ పదుల వేల లక్స్ ఉంటుంది. ఆ గదులు చీకటిగా అనిపించేది ఇందుకే, కరెంటు పొదుపు కోసం కాదు.

ఒక్క ఫోన్ ఫ్లాష్‌తో షేర్వానీ రంగు పోదు. కానీ ఈ నష్టం బ్యాంకు ఖాతా లాంటిది. ఇందులో విత్‌డ్రాయల్సే ఉంటాయి, డిపాజిట్లు ఉండవు. రోజంతా వచ్చే సందర్శకులంతా తలో ఫ్లాష్ కొడితే ఏళ్లు గడిచేకొద్దీ లెక్క పెరుగుతుంది. ఫ్లాష్ కన్నా ఎక్కువ నష్టం వీడియో లైట్లతో. అవి నిమిషాల తరబడి వెలుగుతాయి, కొన్ని వేడి కూడా పుట్టిస్తాయి. ఏ వస్తువుకు పర్వాలేదు, దేనికి నష్టం అని గార్డు ప్రతిసారీ లెక్క వేయలేడు కదా. అందుకే ఫ్లాష్ మొత్తానికే వద్దంటారు.

ఇప్పటి ఫోన్లకు తక్కువ వెలుతురులో తీసే నైట్ మోడ్ ఉంది. గుమ్మం దాటే ముందే ఫ్లాష్‌ను 'ఆటో' నుంచి 'ఆఫ్'కు మార్చుకుంటే సరిపోతుంది.

ప్రీ వెడ్డింగ్ షూట్ 'సొంత ఫోటో' కాదు

ఎక్కువ గొడవలు వచ్చేది ఇక్కడే. "మేం అమ్ముకోవడానికి కాదు, మా ఆల్బమ్ కోసమే" అని కుటుంబం అంటుంది. యాజమాన్యం చూసేది వేరు. డబ్బు తీసుకుని వచ్చిన ఫోటోగ్రాఫర్ ఉన్నాడా? లైట్లున్నాయా? డ్రెస్సులు మారుస్తున్నారా? మిగతా సందర్శకులను ఆపాల్సి వస్తుందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది మామూలు సందర్శన కాదు. నికాహ్, వలీమా ఫోటోలకైనా ఇదే లెక్క. యాడ్స్ ద్వారా డబ్బొచ్చే యూట్యూబ్ చానల్, బట్టల షాపు కోసం తీసే రీలు కూడా వ్యాపారం కిందికే వస్తాయి.

అనుమతి ఇస్తే రాతలో తీసుకోవాలి. అందులో ఈ వివరాలు ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోండి:

• తేదీ, మొదలయ్యే టైము, ముగిసే టైము. సామాన్లు దించి సర్దే టైము అందులోనే కలుస్తుందా, విడిగా ఇస్తారా.

• ఏయే చోట్ల తీయొచ్చు. 'ప్యాలెస్' అని మాత్రమే రాస్తే దర్బారు హాల్లోకి రానివ్వకపోవచ్చు. తోట, వరండా, హాలు విడివిడిగా పేర్లతో రాయించాలి.

• ఎంతమంది రావచ్చు, ఏ సామాన్లు తేవచ్చు, కరెంటు ఎక్కడి నుంచి.

• ఫీజు ఎంత, పన్ను కలిపా విడిగానా, డిపాజిట్ ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు.

• వాన పడినా, ప్రభుత్వ కార్యక్రమం వచ్చినా తేదీ మారుస్తారా, డబ్బు వాపసు ఇస్తారా.

• వస్తువు పాడైతే బాధ్యత ఎవరిది.

• ఫోటోలు ఎక్కడ వాడొచ్చు. ఆల్బమ్‌కు ఇచ్చిన అనుమతితో ఫోటోగ్రాఫర్ తన ప్రకటనల్లో వాడుకోవడం కుదరకపోవచ్చు.

డబ్బు ఆఫీసులోనే కట్టి రసీదు తీసుకోవాలి. గార్డు చేతిలో పెట్టిన నోటుకు రసీదు ఉండదు. పై అధికారి వచ్చి ఆపితే చూపించడానికి ఏమీ మిగలదు. ఫోటోగ్రాఫర్‌తో కూడా రెండు మాటలు ముందే తేల్చుకోవాలి: పర్మిషన్ ఫీజు ప్యాకేజీలో ఉందా, పర్మిషన్ రాకపోతే అడ్వాన్స్ వెనక్కి ఇస్తాడా. ముందు పర్మిషన్, తర్వాతే అడ్వాన్స్. ఈ వరస తప్పకపోతే నష్టపోయే అవకాశం చాలావరకు తగ్గుతుంది.

డ్రోన్ సంగతి

పై నుంచి తీసే షాట్‌కు ప్యాలెస్ అనుమతి ఒక్కటే సరిపోదు. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం ఆకాశాన్ని ఎరుపు, పసుపు, పచ్చ జోన్లుగా విభజించారు. ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు కానీ జోన్ నిబంధనలు దానికీ వర్తిస్తాయి. పోలీసుల స్థానిక ఆంక్షలు ఉన్నాయేమో కూడా కనుక్కోవాలి.

తీసిన ఫోటో ఎవరిది?

కాపీరైట్ చట్టం 1957లోని 52వ సెక్షన్ ప్రకారం కట్టడాన్ని ఫోటో తీసి ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. పైగా రెండు శతాబ్దాల నాటి మహల్‌కు ఇప్పుడు కాపీరైట్ అనేదే ఉండదు. అయితే లోపలికి వచ్చేటప్పుడు ఒప్పుకున్న షరతు వేరే సంగతి. కాపీరైట్ చట్టం అడ్డుపడకపోయినా, షరతు తప్పితే యాజమాన్యం బయటికి పంపొచ్చు. గోడ మీద వేలాడే ఫోటోలు, ఎగ్జిబిషన్ ప్యానెళ్లలో కొన్నింటికి హక్కుదారులు ఇంకా ఉండొచ్చు. వాటిని దగ్గరగా తీసి పుస్తకంలోనో, చానల్‌లోనో వాడే ముందు అడగాలి.

ఫ్రేమ్‌లో పడే మిగతావాళ్లు

పర్దా పాటించే మహిళలు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలు కూడా ఇక్కడికి వస్తాయి. వాళ్లకు తెలియకుండానే వాళ్ల ముఖాలు ఎవరి రీలులోనో కనిపిస్తుంటాయి. ఎవరైనా అలా తీస్తుంటే గొడవ పడే ముందు ఆపమని అడగండి. వినకపోతే సిబ్బందికి చెప్పండి. మన వీడియోలో వేరేవాళ్లు పడితే ఆ ముక్క కోసేయాల్సిన బాధ్యత మనదే.

ఈ నగరానికి ఈ జాగ్రత్త కొత్త కాదు. ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే ఒక జనానా స్టూడియో తెరిచారు. పర్దాలో ఉండే బేగంలు నిశ్చింతగా ఫోటో దిగేందుకు దాని నిర్వహణను ఒక ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. ఆ రోజుల్లో ఒక్క ఫోటో తీయడానికే అంత ఏర్పాటు చేశారు. ఇప్పుడు ఎదుటివాళ్లను ఒక్క మాట అడగడానికి ఖర్చేమీ లేదు.

వెళ్లే ముందు ఒకసారి

ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో చూసుకోండి. ఫోన్ తప్ప వేరే ఏది పట్టుకెళ్తున్నా ముందు రోజే ఫోన్ చేసి కనుక్కోండి. అనుమతి పత్రం, రసీదు కాపీలు ఫోన్‌లోనూ, కాగితం మీదా ఉంచుకోండి. ఫ్లాష్ ఆఫ్ చేయండి. వస్తువులను, గోడలను ముట్టుకోవద్దని, గద్దెలెక్కొద్దని పిల్లలకు బయటే చెప్పండి. గార్డు ఆపితే ఫోన్ దించి ఏ రూలో అడగండి. ఆయన మాట అనుమతి పత్రానికి విరుద్ధంగా ఉందనిపిస్తే అక్కడ వాదించకుండా ఆఫీసుకు వెళ్లి పత్రం చూపించండి.